రెండు కర్రలు, ఒక రూళ్ల పుస్తకం: మీ ఊరి సముద్రపు ఒడ్డును పిల్లలతో కొలవడం

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రం హోరు క్లాసులోకి వినపడే ఒక హైస్కూల్లో నేను బయాలజీ చెబుతాను. 2019 నుంచి ఏటా తొమ్మిదో తరగతి పిల్లలతో మా ఊరి ఒడ్డును కొలుస్తున్నాం. ఈమధ్య పక్క మండలాల టీచర్లు ఫోన్ చేసి "ఎలా మొదలుపెట్టాలి మేడం" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పేసరికి గంట పడుతోంది. అందుకే రాసేస్తున్నా.

కొలవాలన్న ఆలోచన తిత్లీ తర్వాత వచ్చింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుఫాను మా మండలం దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి తోటలు ఎలా పడుకున్నాయో అందరూ చూశారు. కానీ ఒడ్డు ఎంత పోయిందన్న దాని మీద మాత్రం ఊళ్లో నెలల తరబడి వాదన నడిచింది. ఒకాయన "యాభై బారలు తినీసింది" అంటాడు. పక్కనే ఇంకొకాయన "పోయిందే మళ్లీ ఒచ్చీసింది, ఏటి పోనేదు" అంటాడు. ఇద్దరూ రోజూ ఆ ఇసుక మీదే తిరిగేవాళ్లు. ఇద్దరి దగ్గరా లేనిది ఒక్కటే, రాసిపెట్టుకున్న లెక్క.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1950ల్లో ఆంధ్రా విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు తీరంలో ఇసుక ఎప్పుడు పోతోంది, ఎప్పుడు తిరిగి వస్తోంది అని కొలతలు తీయించాడు. మనం వాడబోయే రెండు కర్రల పద్ధతిని 1961లో ఎమెరీ అనే ఆయన ప్రచురించాడు. ఇన్నేళ్లయినా పనిచేస్తోంది, బ్యాటరీ కూడా అక్కర్లేదు.

ఊరివాళ్లతో మాట్లాడకుండా ఇసుకలోకి దిగకండి

ఇక్కడే నేను బోర్లా పడ్డాను. మొదటి వారం హెడ్మాస్టారు అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు అన్నీ తీసుకుని, ఇరవై మంది పిల్లల్ని, రెండు కర్రల్ని, ఒక టేపునూ వెంటబెట్టుకుని ఉత్సాహంగా ఒడ్డుకి వెళ్లాను. అరగంట తిరక్కుండా వలల దగ్గర నుంచి నలుగురు లేచి వచ్చారు. "ఏటమ్మా ఇది, పోర్టోళ్లకేనా?" అని అడిగాడు పెద్దాయన. కాదని చెప్పాను. నమ్మలేదు. మర్నాడు బడికి ఇద్దరు తల్లులు వచ్చి తమ పిల్లల్ని ఆ పనికి పంపేది లేదన్నారు.

వాళ్లది తప్పంటే నేనొప్పుకోను. కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం అన్నారు, మూలపేటలో పోర్టు అన్నారు. మా జిల్లా తీరంలో కర్ర, టేపు పట్టుకుని ఎవరు దిగినా భూముల కోసమే వచ్చారని అనుకుంటారు. పైగా అంతకుముందు ఎక్కడో పెద్ద చదువుల వాళ్లు వచ్చి, మూడు రోజులు ముసలమ్మలందరినీ కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, ఫోటోలు తీసుకుని వెళ్లారట. మళ్లీ మొహం చూపించలేదు. "ఆ కాగితాలు ఏటయ్యాయో?" అని ఇప్పటికీ అడుగుతారు.

కాబట్టి మొదటి నెల కొలతలు వద్దు. మాట్లాడటమే. దానికి సమయం చూసుకోవాలి. వేటకి తెల్లారకముందే వెళ్తారు, వచ్చాక చేపల అమ్మకం హడావిడి ఉంటుంది. మధ్యాహ్నం భోజనం, నిద్ర అయ్యాక వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు కదా, ఆ నాలుగు గంటల వేళ మంచిది. ఇంకా మంచిది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం, అప్పుడు అందరూ ఊళ్లోనే ఉంటారు. ఊరి పెద్దలకీ, సర్పంచ్‌కీ, దగ్గరలోని మెరైన్ పోలీసులకీ ఒక మాట చెప్పండి. మీటింగ్ పెట్టి మైకులో మాట్లాడకండి. వెళ్లి వలల పక్కన ఇసుకలో కూర్చోండి. ఏం కొలుస్తాం, ఎందుకు, ఆ లెక్క ఎవరికిస్తాం, ఎవరికివ్వం అన్నవి వాళ్లడగకముందే చెప్పేయండి. నేను రిజిస్టరు వలల షెడ్డులోనే ఉంటుందని మాటిచ్చాను. ఆ ఒక్క మాటతో సగం అనుమానం పోయింది.

సామాను

మీటరున్నర పొడవున్న రెండు కర్రలు. మా ఊరి వడ్రంగి సరుగుడు వాసంతో చేసిచ్చాడు. తెల్లరంగు వేసి, పై నుంచి కిందికి సెంటీమీటర్లు గుర్తులు పెట్టండి. సున్నా పైన ఉండాలి, అడుగున కాదు. కారణం కింద చెబుతాను. కర్ర అడుగున అరచేతి వెడల్పు చెక్క ముక్క కొట్టించండి. లేకపోతే తడి ఇసుకలో కర్ర రెండు మూడు సెంటీమీటర్లు దిగిపోతుంది, మీ లెక్క దానితోపాటే దిగిపోతుంది.

రెండు కర్రల మధ్య దూరం ఎప్పుడూ రెండు మీటర్లే ఉండాలి. దీనికి అందరిలాగే నేను నైలాన్ తాడు కట్టాను. మూడో నెలలో అనుమానం వచ్చి టేపు పెట్టి చూస్తే, రెండు మీటర్ల తాడు ఏడు సెంటీమీటర్లు సాగింది! పాతిక అడుగులు వేస్తే ఎంత తేడానో మీరే లెక్కేసుకోండి. ఆ మూడు నెలల కాగితాలూ పక్కన పెట్టేశాం. ఇప్పుడు సన్నటి అల్యూమినియం గొట్టం వాడుతున్నాం, బరువుండదు, సాగదు.

కర్ర నిటారుగా ఉందో లేదో చూడటానికి, వల అంచుకి కట్టే సీసం గుండు ఒకటి దారానికి కట్టి కర్రకి వేలాడదీశాం. ఆ ఉపాయం నాది కాదు, ఒక పిల్లాడిది. ఇవి కాక రూళ్ల పుస్తకం, పెన్సిలు, నీలం, ఎరుపు పెన్నులు. జెల్ పెన్ను మాత్రం వద్దు, ఒక్క అల తుంపర చాలు. మొత్తం కలిపి నాకు ఏడొందల రూపాయలు దాటలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి

కొలత ప్రతిసారీ ఒకే చోట మొదలై, ఒకే దిక్కుగా సముద్రంలోకి వెళ్లాలి. ఆ మొదలు చోటు కదలకూడదు. తిత్లీలో చెట్లు పడిపోవడం కళ్లారా చూసిన దాన్ని, అయినా బుద్ధి లేక సరుగుడు చెట్టుకి మేకు కొట్టి "ఇదే మన గుర్తు" అన్నాను. మరుసటి ఏడు తోట యజమాని చెట్లు నరికించేసుకున్నాడు. మేకు ఎక్కడికి పోయిందో, ఏ ఇంటి పొయ్యిలోకి పోయిందో తెలియదు.

సిమెంటు కట్టడం దేన్నైనా చూసుకోండి. నీళ్ల ట్యాంకు కాలు, తుఫాను షెల్టర్ మెట్టు, గుడి అరుగు ఏదైనా సరే. ఇసుక గట్టుకి బాగా వెనకగా ఉండాలి. అక్కడి నుంచి దిక్కు కోసం వెనక ఇంకో గుర్తు చూసుకోండి, రెండూ ఒక వరసలోకి వచ్చేలా నిలబడితే చాలు. మాకు ట్యాంకు కాలు, దాని వెనక గుడి శిఖరం. అసలు గుర్తు పోయినా వెతుక్కోవడానికి మరో రెండు కట్టడాల నుంచి దూరం కొలిచి రాసుకోండి.

నది మొగకి దగ్గరగా మాత్రం పెట్టకండి. వంశధార గానీ, బారువ దగ్గర మహేంద్రతనయ గానీ, మొగ దగ్గర ఇసుక తిన్నె ఇవాళ ఒకచోట, వచ్చే నెల ఇంకోచోట. కిలోమీటరైనా దూరం జరగండి.

కొలవడం

ఒక కర్ర ఒడ్డు వైపు, రెండోది దానికి రెండు మీటర్ల ముందు సముద్రం వైపు. మధ్యన గొట్టాన్ని ఇసుక మీద పడుకోబెట్టకూడదు, సమంగా పైకెత్తి పట్టుకోవాలి. వెనక కర్ర పట్టుకున్న పాప కళ్లు కిందికీ పైకీ జరుపుతూ, ముందు కర్ర కొసనీ, ఆకాశం సముద్రం కలిసే గీతనీ ఒకే వరసలోకి తెచ్చుకోవాలి. ఆ చూపు తన కర్ర మీద ఎక్కడ తగులుతుందో అక్కడ వేలు పెట్టాలి. కర్ర పై కొస నుంచి వేలి దాకా ఎన్ని సెంటీమీటర్లుంటే, ఆ రెండు మీటర్లలో ఒడ్డు అంత దిగిందన్నమాట. సున్నా పైన పెట్టమన్నది ఇందుకే, తీసివేతలు లేకుండా నేరుగా చదివేస్తారు.

ఒక్కోచోట ఇసుక సముద్రం వైపు ఎత్తవుతుంది. అలలు వేసిన గట్టు దగ్గర ఇలా ఉంటుంది. అప్పుడు తిరగేయాలి. వెనక పాప తన కర్ర కొస మీద నుంచి ఆ గీతను చూస్తుంది, ముందు పిల్లాడు తన కర్ర మీద వేలు జరుపుతూ ఆ చూపుకి అడ్డం వచ్చినచోట ఆపుతాడు. దిగితే నీలం పెన్ను, ఎక్కితే ఎరుపు. ప్లస్సులు మైనస్సులు అంటే తారుమారు చేశారు గానీ రంగులు ఎప్పుడూ తప్పలేదు.

ఉదాహరణకి 5, 8, ఎక్కి 4, 17, 24 అని వచ్చాయనుకోండి. వరసగా కలుపుకుంటూ పోతే 5, 13, 9, 26, 50. పది మీటర్ల దూరంలో ఒడ్డు అర మీటరు దిగింది. ఇవే గ్రాఫు కాగితం మీద చుక్కలు. తర్వాత వెనక కర్రని ముందు కర్ర ఉన్నచోటికి తెచ్చి మళ్లీ మొదలు. చీలమండ దాకా నీళ్లు వచ్చేసరికి ఆపేయాలి.

మాది తూర్పు తీరం కాబట్టి పొద్దున వెళ్తే ఎండ ఎదురుగా కళ్లలో పడుతుంది, గీత కనపడదు. మధ్యాహ్నం మూడు తర్వాత ఎండ వీపు మీదుంటుంది, గీత కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. మంచు పట్టే రోజుల్లో అదీ కుదరకపోతే, తాపీ మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపు అడిగి తెచ్చుకోండి. కర్రల పక్కన పైపు రెండు కొసలూ పట్టుకుంటే నీటి మట్టమే మీ గీత.

నెలకి ఒకసారి చాలు. అమావాస్య, పున్నమి రోజుల్లో నీళ్లు బాగా వెనక్కి పోతాయి, పాటు వేళ చూసుకుని దిగితే పొడవైన గీత దొరుకుతుంది. పోటు పాటు వేళలు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ వీటి అంచనాలూ, ఎత్తైన అలల హెచ్చరికలూ ఇస్తుంది. హెచ్చరిక ఉన్న రోజు మానేయండి, నెల తప్పినా పర్వాలేదు. తుఫాను వెళ్లిపోయి సముద్రం చల్లబడ్డాక మాత్రం అదనంగా ఒకసారి తప్పక కొలవండి. కోత పడి గట్టు నిలువుగా తెగితే, ముందు కర్రని దాని పాదం దగ్గర పెట్టి, ఆ దూరాన్ని విడిగా రాసుకోండి.

భద్రత గురించి ఎక్కువ చెప్పను. ఈత బాగా వచ్చిన ఊరివాళ్లు ఇద్దరు, ఒక పొడవాటి తాడు, నీళ్ల వైపు ఎప్పుడూ పెద్దవాళ్లే. పిల్లలు "మాకు సంద్రం తెలుసు మేడం" అంటారు. నిజమే, నాకంటే బాగా తెలుసు. అయినా ఒప్పుకోను.

నల్ల ఇసుక

ఇది పిల్లలకి అన్నిటికంటే ఇష్టమైన పని. మా తీరంలో మామూలు ఇసుకతోపాటు ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాల గింజలున్నాయి. పెద్ద అలలు కొట్టిన తర్వాత తేలిక ఇసుక కొట్టుకుపోయి, బరువైనవి మిగిలి ఒడ్డంతా నల్లటి చారలు పడతాయి. కాగితం మీద గుప్పెడు నల్ల ఇసుక పోసి కింద నుంచి పాత స్పీకరు అయస్కాంతం జరిపితే, కొన్ని గింజలు ముళ్లపందిలా లేచి నిలబడతాయి. ఆ రోజు కొలతలో ఒడ్డు దిగి ఉంటుంది. ఒకట్రెండు సార్లు చూశాక పిల్లలే "మేడం, నల్లగా ఉంది, ఇవాళ తగ్గుద్ది" అని కొలవకముందే పందెం కాస్తారు. నైరుతి కాలంలో అలలు ఇసుకని ఉత్తరానికి తోస్తాయనీ, ఈశాన్య గాలులప్పుడు దక్షిణానికి తోస్తాయనీ, ఏడాది మొత్తం మీద ఉత్తరానికే ఎక్కువ పోతుందనీ అప్పుడు చెప్పండి. సముద్రంలోకి రాతి గోడ కడితే దాని ఉత్తరం వైపు ఒడ్డు ఎందుకు కోసుకుపోతుందో వాళ్లే ఇసుకలో గీసి చూపిస్తారు.

తాబేళ్లు

జనవరి నుంచి మార్చి దాకా కొలతకి వెళ్లినప్పుడు ఆలివ్ రిడ్లే తాబేళ్లు కనబడతాయి. బతికున్నవి రాత్రి వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి, మనకి దొరికేవి ఎక్కువగా చనిపోయినవే. గూడు కనిపిస్తే తవ్వకండి, గుడ్లు ముట్టుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలులో ఉన్న జీవి. అటవీ శాఖవాళ్లకి ఫోన్ చేయండి, వాళ్లు వచ్చేదాకా కుక్కలు రాకుండా కాపలా ఉండటమే మన పని. అడుగున్నర లోతు గోతిలో నూరు దాకా గుడ్లుంటాయి, పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. గూటి వేడిని బట్టి పిల్ల ఆడదా మగదా తేలుతుందని చెబితే క్లాసంతా నోరు తెరుస్తుంది.

చనిపోయినదాన్ని లెక్కపెట్టేటప్పుడు పిల్లలు దూరంగా నిలబడాలి. నేను గ్లౌజులు వేసుకుని టైలరు టేపుతో మెడ అంచు నుంచి తోక వైపు దాకా చిప్ప వంపు మీదుగా పొడవు కొలుస్తాను. తర్వాత చిప్ప మీద తెల్లరంగుతో ఒక గీత. ఆ గీత లేకపోతే వచ్చే వారం ఇంకెవరో అదే తాబేలుని మళ్లీ లెక్కేస్తారు. వాసనకి ముక్కుకి గుడ్డ కట్టుకోవాల్సిందే.

ఇక్కడ ఒక జాగ్రత్త. తాబేలు గాలి పీల్చే జీవి, వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. ఇది పాఠంలో చెప్పాను. మర్నాడు ఒక పాప ఫైబర్ బోటు నడిపే తన మావయ్యని పట్టుకుని "నీ వలే చంపీసింది" అనేసింది. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆయనే చెప్పాడు, గంటల తరబడి లాగే పెద్ద ట్రాలర్ల వల వేరు, తమ వల వేరు అని. తాబేలు పడితే వల కోసి వదిలిన సందర్భాలున్నాయని, ఆ వల ఖరీదు ఎవరిస్తారని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి రిజిస్టరులో తేదీ, చోటు, పొడవు, తాజాదా కుళ్లినదా, ఇంతే రాస్తాం. ఎవరి వల్ల అన్న గడి తీసేశాం.

లెక్క తిరిగి ఊరికి

ఫలితాల్ని ఫైల్లో పెట్టి సైన్స్ ఫెయిర్‌కి పంపి ఊరుకోకండి. పంపండి, జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌కి కూడా పంపండి. కానీ మొదటి కాపీ ఊరిది. మేము వలల షెడ్డు గోడ మీద సున్నం వేసి, ఒడ్డు రూపాన్ని నిజం కొలతలో పదో వంతుగా గీశాం. వర్షాకాలం గీత ఎరుపు, వేసవి గీత నీలం. సెంటీమీటర్లు రాస్తే ఎవరూ చూడలేదు, బారల్లో రాశాక గోడ ముందు గుంపు చేరింది.

మా ఊళ్లో చాలామంది మగవాళ్లు గుజరాత్‌లోని వేరావల్ బోట్లమీద పనికి వెళ్తారు. ఆగస్టులో పోతే మళ్లీ వేసవికే రావడం. 2018 నవంబరులో మా జిల్లా, విజయనగరం జిల్లా మత్స్యకారులు కొందరు పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో విడుదలైన సంగతి ఇక్కడ ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. అలా ఏడాదిలో ఎక్కువ భాగం ఊళ్లో లేని తండ్రులకి ఈ గోడ బాగా నచ్చింది. తాము లేనప్పుడు ఒడ్డు ఏమైందో పిల్ల చేయి పట్టుకుని చూపిస్తుంది. కిందటి వేసవిలో ఒకాయన ఎరుపు గీత మీద వేలు పెట్టి "అప్పుడు మా తెప్ప ఎక్కడ పెట్టారే?" అని కూతుర్నడిగాడు. ఆ ప్రశ్న మాకు తట్టనేలేదు. ఇప్పుడు తెప్పలూ బోట్లూ లాగి పెట్టిన చోటు కూడా గోడ మీద గుర్తు పెడుతున్నాం.

మధ్యలో ఖాళీలు వస్తాయి, కంగారు పడకండి. 2020లో బడి మూసేసిన నెలల్లో ఒడ్డు దగ్గర ఇల్లున్న అక్కాచెల్లెళ్లిద్దరు వాళ్ల తాతతో కలిసి కొన్నిసార్లు కొలిచారు, కొన్నిసార్లు కుదరలేదు. ఖాళీని ఖాళీగానే వదిలేశాం. మధ్యలో అంకెలు ఊహించి నింపొద్దు. పిల్లలకి అక్షరాలు అందంగా ఉండాలన్న పట్టుదల ఎక్కువ, ఇంటికెళ్లి ఫెయిర్ కాపీ రాసి చిత్తు పారేస్తారు. చిత్తు కాగితమే అసలుది. దాన్ని పుస్తకానికి పిన్ను కొట్టించండి.

టీచర్లకి బదిలీ తప్పదు. నేనూ త్వరలో వెళ్లాల్సిందే. అందుకే రిజిస్టరు మొదటి పేజీలో ఈ మధ్యే ఇలా రాశాను: "గుర్తు: నీళ్ల ట్యాంకు ఈశాన్యపు కాలు, నేల నుంచి మూరెడు ఎత్తున ఎర్రరంగు గీత. వెనక గుడి శిఖరంతో వరస. గొట్టం రెండు మీటర్లు, ఏటా జూన్‌లో టేపుతో సరిచూడాలి. కర్రలు వలల షెడ్డు అటక మీద." దాన్ని పిల్లల చేత చదివించుకుని, మొదట్లో నన్ను పోర్టోళ్ల మనిషి అనుకున్న పెద్దాయన ఇంకో లైను చేర్పించాడు: "షెడ్డు తాళం నా దగ్గర ఉంటది. నాను ఏటకెల్తే మా కోడల్ని అడగాల."